ఒకటి వేడి, ఒకటి చల్లన

ఆఫీసులో ఆమెకి దశాంశం అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి మనుషుల్ని చదవడం వచ్చు. ఎవరైనా "ఓ పాతిక కిలోలుంటుందండీ" అంటే "ఇరవై నాలుగా, ఇరవై ఆరా?" అని నిలదీసేది. టీ తెచ్చే మనిషి "రెండు నిమిషాలు మేడమ్" అంటే గడియారం చూసుకునేది. ఇరవై రెండేళ్లుగా అదే అంతస్తులో, అదే కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేస్తోంది. ఆమె సంతకం పెట్టిన కాగితాన్ని రెండోసారి తిరగేసి చూసినవాడు అక్కడ లేడు. భయపడి కాదు, అవసరం లేదని నమ్మకం. ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

ఆమె చేసే పనేమిటో చెప్పబోతే చుట్టాలు ఆవులించేవారు. నిజానికి అంత కష్టమైనదేం కాదు. ఫ్యాక్టరీల్లో పైపులుంటాయి. వాటిలో వేడి సరుకు పారితే పైపు సాగుతుంది. సాగిన పైపు ఊరుకోదు, దేన్నో ఒకదాన్ని తోస్తుంది. తోసేది ఎక్కువగా పంపునే, ఎందుకంటే పైపు వెళ్లి ఆగేది అక్కడే. పంపుకి పైపు వచ్చి కలిసే మూతిని నాజిల్ అంటారు. ఆ మూతి మీద పైపు ఎంత తొయ్యచ్చో, ఎంత మెలిపెట్టచ్చో పంపు తయారుచేసినవాళ్లు ఒక హద్దు రాసిస్తారు. హద్దు దాటితే లోపలి ఇరుసు పక్కకి ఒరుగుతుంది, కారకుండా ఆపే సీలు అరిగిపోతుంది, సరుకు బయటికి చిమ్ముతుంది. దాటలేదని లెక్క తేల్చి సంతకం పెట్టే మనిషి ఆమె.

ఆ పంపుల పక్కన నూనె మరకలతో బతికేవాడు ఆమె బావ, అక్క మొగుడు. ఊరి చివర ప్లాంటులో హెడ్ మెకానిక్కు. అక్క పెళ్లినాటికి ఆమెకి పన్నెండేళ్లు. సైకిలు తొక్కడం నేర్పింది బావే, లెక్కల పరీక్ష రోజున జ్వరమొస్తే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిందీ బావే. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పింది. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటూ, ఆదివారం వస్తే అక్క ఇంట్లో భోజనం చేసేది. ఆమెకి ఇల్లంటూ ఉంటే అదే.

ఆ ప్లాంటులో ఆరు నెలల కిందట వేడినూనె విభాగం కొత్తగా మొదలైంది. దానికి పైపులు గీసింది ఆమె ఆఫీసు. లెక్క చేసింది ఆమె. నడిపేది బావ. మొదట్లో ఇద్దరూ దాని గురించి గొప్పలు చెప్పుకున్నారు కూడా.

ఒక ఆదివారం భోజనాలయ్యాక బావ ఒక నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మరదలా, ఓ అరగంట ఇంజనీరు వేషం కట్టు."

"మళ్లీ సీలు పోయిందా బావా?"

"మూడోది. ఆరు నెలల్లో మూడు. గురువారం విచారణట. నన్ను నిలబెట్టి అడుగుతారట."

"ఏమని?"

"పంపు కట్టడం చేతనవునా కాదా అని. ముప్పై ఆరేళ్లుగా కడుతున్నవాణ్ణి. నాకింకా రెండేళ్ల సర్వీసుంది. ఈ రెండేళ్లు నన్ను స్టోర్సులో కూర్చోబెట్టి గ్లవ్సులు పంచిపెట్టమంటారు, అంతే." నవ్వుతూనే అని పుస్తకం తెరిచాడు. ఆయనకి పంపులు తప్ప వేరే ప్రపంచం లేదు. పరాయి ఊరెళ్లినా హోటల్లో నీళ్ల మోటారు చప్పుడు విని దాని జబ్బు చెప్పే రకం.

పుస్తకంలో తేదీల వారీగా అంకెలు. పంపునీ మోటారునీ ఒకే గీతలో నిలబెట్టాక డయల్ గేజ్ పెట్టి చూసిన తేడాలు. ఒక్కో గీత మిల్లీమీటర్లో నూరో వంతు.

"ఇదిగో, చల్లగా ఉన్నప్పుడు మూడు గీతలు. నూనె ఎక్కి వేడయ్యాక నలభై. మళ్లీ ఆపి చల్లారిస్తే మూడు. నేను కట్టినంతసేపూ బాగానే ఉంటుంది, అది వేడెక్కగానే పక్కకి జరుగుతుంది. పైపు తోస్తోంది మరదలా. మొన్న నూనె ఖాళీ చేయించి, వేడి తగ్గకముందే బోల్టులు వదులు చేశాను. పైపు చిటికెన వేలంత పక్కకి గెంతింది."

ఆమెకి చురుక్కుమంది. తన లెక్కని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆమెకి అలాగే ఉంటుంది, చూపించినవాడు బావైనా సరే.

"రిపోర్టులో లోడు హద్దుకి ఎనభై రెండు శాతమే ఉంది బావా. నేనే చేశాను."

"నువ్వే చేశావని తెలిసే కదా నిన్ను అడుగుతున్నాను. వేరేవాడైతే వాడి పీక పట్టుకునేవాణ్ణి."

"పునాది కుంగిందేమో. మోటారు కాళ్ల కింద రేకులు సరిగ్గా ఉన్నాయా?"

"అన్నీ చూశాను తల్లీ." బావ కొంచెం ముందుకి వంగాడు. "ఇంకో విచిత్రం చెప్పనా? ఏది నడిస్తే దాని సీలే పోతుంది. మొదటిది నడిపినప్పుడు మొదటిది, రెండోది నడిపినప్పుడు రెండోది. మధ్యలో ఓ వారం ఉత్పత్తి ఎక్కువ కావాలని రెండూ కలిపి నడిపారు. ఆ వారం నలభై లేదు, ముప్పై లేదు, ఐదే గీతలు. జంటగా ఉంటే బుద్ధిగా ఉంటాయి, మీ అక్కా నేనూ లాగ కాదు."

"ఆ పంపెవతో నాకు సవతిలా తయారైంది," అంది వంటింట్లోంచి అక్క. "నిద్రలో కూడా దాని కలవరింతే."

ఆమె నవ్వింది. చూస్తానంది. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "లెక్కలో తేడా ఉండదు బావా" అని ఇంకోసారి చెప్పి మరీ వెళ్లింది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

సోమవారం ఆ ఫైలు తెరవలేదు. పని ఉందని తనకి తానే చెప్పుకుంది. పని ఎప్పుడు లేదు? జంటగా ఉంటే బుద్ధిగా ఉంటాయన్న మాట మాత్రం రోజంతా చెవి దగ్గర దోమలా తిరిగింది. మంగళవారం ఉదయం అందరికంటే ముందు వచ్చి ఫైలు తెరిచింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ విభాగంలో ఉన్నవి రెండు పంపులు, ఒకే పెద్ద పైపు రెండు కొమ్మలుగా చీలి రెండింటికీ వెళ్తుంది. ఒకటి నడుస్తుంటే ఒకటి ఆగి ఉంటుంది, మొదటిదానికి ఏమైనా అయితే రెండోదాన్ని ఎక్కిస్తారు. అంటే ఎప్పుడూ ఒక కొమ్మ పైపు వేడిగా, రెండో కొమ్మ చల్లగా ఉంటుంది. ఆమె లెక్కలో రెండు కొమ్మలూ వేడిగా ఉన్నాయి. ఆ ఒక్క పరిస్థితికే లెక్క చేసి ఉంది. అంతకుముందు చేసిన ప్రాజెక్టులో పంపులు రెండూ కలిసే నడిచేవి. అక్కడి పట్టికని తెచ్చి ఇక్కడ అతికించింది. అతికించాక మార్చాల్సింది. మార్చలేదు.

ఇద్దరు మనుషులు ఒక బరువైన బల్లని చెరో చివర పట్టుకుని ఒకేసారి లేస్తే బల్ల సమంగా లేస్తుంది. ఒకడు లేచి రెండోవాడు కూర్చునే ఉంటే, లేచినవాడి నడుము పట్టేస్తుంది. చల్లటి కొమ్మ కదలక అలాగే బిగుసుకుని ఉంటే, వేడి కొమ్మ సాగడానికి దారి లేక పంపు మీద పడుతుంది. ఈ సంగతి కాలేజీ నుంచి నిన్న వచ్చిన పిల్ల కూడా చెబుతుంది. ఆమే ఎందరికో చెప్పింది.

ఒకటి వేడి, ఒకటి చల్లన అని కొత్త కేసు పెట్టి మీట నొక్కింది. కంప్యూటరు పది సెకన్లలో తేల్చేసింది. హద్దుకి రెండున్నర రెట్లు.

ఆమె లేచి బాత్రూముకి వెళ్లి మొహం కడుక్కుంది. తిరిగొచ్చి మళ్లీ నొక్కింది. అంకె మారుతుందేమోనని ఆశ! ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా అలా మారిందా?

ఆ సెక్షనుకి పెద్దని అందరూ సర్దుబాటు సారు అనేవారు. ఏ గొడవ వచ్చినా "సర్దుకుందాం" అనే మనిషి. ఆ రిపోర్టుని సరిచూసినట్టు సంతకం పెట్టింది ఆయనే. సరిచూశాడా అంటే, దశాంశం చేసిందాన్ని చూడ్డమేమిటి, ఆవిడ్ని అవమానించినట్టు కాదూ? తిలా పాపం తలా పిడికెడు. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. ఒకటో తారీఖు నుంచి ఆ కుర్చీ ఆమెకని ఆఫీసంతా తెలుసు.

ఆమె పట్టుకెళ్లిన కాగితం ఆయన చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"మంచిపని చేశావు. పంపు కంపెనీకి ఉత్తరం రాద్దాం. ఒక్కోసారి రెండు రెట్ల దాకా ఒప్పుకుంటారు."

"రెండున్నర వస్తోందండీ."

"సపోర్టుల దగ్గర రాపిడి తగ్గించి చూడు."

"చూశాను. రెండుంపావు."

సర్దుబాటు సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఏడు వారాల్లో ప్లాంటు షట్‌డౌను ఉంది. పైపుకి ఓ వంపు పెడదాం. వాల్వు చేతికి అందడం లేదు, సౌకర్యం కోసం మారుస్తున్నాం అని రాద్దాం. పైపు సాగినా ఆ వంపులోనే సర్దుకుంటుంది, పంపుని తొయ్యడం ఆగిపోతుంది. ఎవరికీ నష్టం లేదు."

"గురువారం విచారణ ఉందండీ. మా బావ..."

"రెండేళ్లలో రిటైరయ్యే మనిషికి విచారణ ఏం చేస్తుంది? ఇప్పుడు నువ్వు లెక్క తప్పని లేచి నిలబడితే ఈ ఒక్క పంపుతో ఆగదు. నువ్వు సంతకం పెట్టిన ప్రతి పంపూ మళ్లీ తియ్యమంటారు. ఆఫీసు మూసుకోవాలి. ఆ తర్వాత నీ ఇష్టం."

తర్వాత నీ ఇష్టం అనేవాళ్లని నమ్మకూడదు. ఇష్టాన్నంతా ముందే వాళ్లు మింగేసి, ఆ ముక్క మన చేతిలో పెడతారు.

ఆమె చెబుదామనే అనుకుంది. ఇది ఆమె తరఫున చెప్పాల్సిన మాట, ఒక్కటే ఉంది గనక చెప్పేస్తున్నాను. మంగళవారం సాయంత్రం కూడా, బుధవారం పొద్దున కూడా చెబుదామనే అనుకుంది. బుధవారం సాయంత్రం అక్క ఫోను చేసింది.

"రేపు ఆఫీసు తరఫున నువ్వూ వస్తున్నావటగా? మీ బావ ప్రాణం లేచొచ్చింది. మరదలు ఉంటే చాలు, లెక్క నిజమే చెబుతుంది, అది అబద్ధం చెప్పదు అంటున్నాడు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడే, పెళ్లికొడుకులాగ."

అప్పుడైనా "అక్కా, తప్పు నాదే" అనచ్చు. ఫోనులో చెప్పేదేం ఉందిలే, రేపు అందరి ముందూ చెబుతాను అనుకుంది. రేపటి ధైర్యం ఎప్పుడూ ఇవాళ్టికంటే పెద్దదిగానే కనిపిస్తుంది.

గురువారం ప్లాంటు మీటింగు హాలులో పొడవాటి బల్ల, నీళ్ల సీసాలు, గోడకి భద్రత గురించి పోస్టరు. ఒక వైపు ప్లాంటు మేనేజరు, ఇంకో ఇద్దరు. ఎదురుగా సర్దుబాటు సారు, పక్కన ఆమె. బావకి చివర్లో కుర్చీ వేశారు గానీ ఆయన కూర్చోలేదు. ఇస్త్రీ మడతలు నలగకుండా, నోటుపుస్తకం రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాగానే ఆమెని చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, ధైర్యంగా ఉండమని. ఆయనే ఆమెకి ధైర్యం చెప్పాడు.

మేనేజరు సీళ్ల సంగతి చదివాడు. మూడు సీళ్లు, మూడుసార్లు నూనె చిమ్మడం, ఒకసారి పొగ. మూడింటినీ కట్టింది ఒకే మనిషి.

"పైపు తోస్తోందండీ," అన్నాడు బావ. అంకెలన్నీ చదివాడు. మూడు గీతలు, నలభై గీతలు, ఐదు గీతలు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు మేనేజరు. బల్ల చుట్టూ చిన్న నవ్వు. "డిజైను రిపోర్టులో లోడు ఎనభై రెండు శాతమే ఉందే. అందులో మీకేమైనా తప్పు కనిపించిందా?"

"లెక్కలు నాకు రావండీ. ఒక్కటి అడగండి సార్. రెండు పంపులూ కలిసి నడిచినప్పుడు బాగుంటోంది, ఒకటే నడిచినప్పుడు పాడవుతోంది. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉన్నప్పుడు కూడా లెక్క చూశారా అని వాళ్లని అడగండి."

ముప్పై ఆరేళ్లు పానా పట్టిన మనిషి, లెక్కలు రావంటూనే లెక్కలోని తప్పు మీద వేలు పెట్టాడు. మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "చూశారా మేడమ్?"

ఆమె నోరు తెరిచింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలు చాలు సర్దుబాటు సారుకి.

"అన్ని కేసులూ చూశామండీ," అన్నాడు ఆయన, నిమ్మకి నీరెత్తినట్టు. "మేడమ్ సంతకం పెట్టారంటే ఇక చూడక్కర్లేదు."

బావ ఆమెని చూశాడు. మేనేజరుని కాదు, సారుని కాదు, ఆమెనే. కాదని ఒక్క మాట చెప్పు అన్నట్టు కూడా చూడలేదు. ఉత్తినే జవాబు కోసం చూశాడు, లెక్క చెప్పమని అడిగిన పిల్లవాడు టీచరుని చూసినట్టు. ఆమె కాదనలేదు. ముందున్న నీళ్లసీసా మూత తిప్పుతూ కూర్చుంది.

అప్పుడు బావ తల ఊపాడు. అర్థమైంది అన్నట్టు మెల్లగా ఊపి, పుస్తకం మూసి, అప్పటిదాకా కూర్చోని కుర్చీలో కూర్చున్నాడు.

విచారణ ఇంకో పావుగంటలో అయిపోయింది. సోమవారం నుంచి ఆయన స్టోర్సు కౌంటరు దగ్గర గ్లవ్సులూ బోల్టులూ లెక్కపెట్టి ఇచ్చే పనిలో చేరాడు. పంపుల మీదికి కొత్త మెకానిక్కు వచ్చాడు.

ఆ ఆదివారం ఆమె భయపడుతూ వెళ్లింది. తిడతాడనుకుంది, మాట్లాడడనుకుంది. ఆయన ఎప్పటిలాగే "రా మరదలా" అన్నాడు. భోజనం దగ్గర పంపు మాట ఎత్తలేదు. ఆమె దొంగకి తేలు కుట్టినట్టు అన్నం కలుపుకుని తింది. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని భుజాలు తడుముకుంది, ఎవరూ అడగలేదు. షట్‌డౌను అయ్యాక చెబుతాను అనుకుంది.

షట్‌డౌనులో పైపుకి వంపు పెట్టారు. కాగితాల మీద అది వాల్వు సౌకర్యం. ఆ రోజు నుంచి సీలు పోలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, పంపు మెత్తగా నడుస్తూనే ఉంది. కొత్త మెకానిక్కు ఫోటో ప్లాంటు నోటీసుబోర్డులో పెట్టారు. ఈ నెల ఉత్తమ ఉద్యోగి. స్టోర్సుకి వెళ్లే దారిలోనే ఉంది ఆ బోర్డు. ఆయన రోజూ పొద్దునా సాయంత్రం దాని ముందు నుంచే నడవాలి.

ఇటు ఆఫీసులో ఆమె కొత్త కుర్చీలో కూర్చుంది. కూర్చున్న వారంలోనే ఒక నియమం పెట్టింది: పంపులు జంటగా ఉన్న ప్రతిచోటా ఒకటి వేడి, ఒకటి చల్లన లెక్క చేసి తీరాలి, చెయ్యని రిపోర్టు తన బల్ల మీదికి రాకూడదు. ఎంత ముందుచూపు అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె మెచ్చుకోళ్లన్నీ మింగింది. పాత పంపులన్నీ తనే ఒక్కొక్కటీ రహస్యంగా తీసి చూసుకుంది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. లెక్క తప్పింది ఒకే ఒక్క చోట, అదీ బావ నెత్తిన.

బావలో మార్పు ఆమెకి వెంటనే తెలియలేదు. మొదట ఇంట్లో పనులు మానేశాడు. ఫ్యాను చప్పుడు చేస్తే అలాగే తిరగనిచ్చాడు. వంటింటి కుళాయి కారుతుంటే, వాషరు మార్చడానికి బయటి నుంచి మనిషి వచ్చాడు. ముప్పై ఆరేళ్లు పంపులు కట్టిన మనిషి ఇంట్లో కుళాయి వాషరుకి పరాయివాడు రావడం! ఆయన గుమ్మంలో నిలబడి, ఆ మనిషి పానా ఎలా పట్టుకున్నాడో చూస్తూ ఉన్నాడు.

"వయసైపోయిందే," అంది అక్క ఆమె చెవిలో. "ఊరికే కోపం, లేకపోతే మౌనం. ఏమైందో ఏమో." ఆమె తల వంచుకుని పళ్లాలు తుడిచింది. నెలాఖరుకి చెబుతాను అనుకుంది. నెలాఖరు అయ్యాక ఇంకో నెలాఖరు దొరికింది.

విచారణ అయిన ఐదు నెలలకి, ఒక ఆదివారం, భోజనాలయ్యాక ఆమె చూసేసరికి టీవీ పక్కన డాక్టరు కాగితాలున్నాయి. ఒకటి కాదు, చిన్న కట్ట.

"ఏమిటివి బావా?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "ఏం లేదులే. కళ్లు చూపించుకున్నాను. గీతలు తప్పు చదివానేమోనని. బాగానే ఉన్నాయన్నారు, ఉన్న అద్దాలే చాలట. సరే, చేతులు వణుకుతున్నాయేమోనని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన వేళ్లన్నీ పట్టి లాగి, సూదులు గుచ్చి, బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. మరి తేడా ఎక్కడుంది? రేపు తలకి స్కాను తీస్తారు."

"స్కానెందుకు బావా?"

"ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూశానేమో మరదలా. నువ్వు లెక్క కరెక్టన్నావు. ఇంకొకడు కట్టగానే సీలు ఆగిపోయింది. ఇక మిగిలింది నేనే కదా. పైపు గెంతిందని కూడా రాసుకున్నాను పుస్తకంలో. గెంతినట్టు చూశానో, అనుకున్నానో..." అని నవ్వబోయాడు. "మా నాన్నకి ఆఖర్లో మతి పోయింది. తెలుసుగా."

ఆమె కాగితాల కట్ట మీద చెయ్యి పెట్టింది.

"స్కాను వద్దు బావా."

"ఏం, డాక్టరు కంటే నువ్వు ఎక్కువ చదివావా?"

"మీకేం లేదు. లెక్కే తప్పు." ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతట అవే వచ్చాయి. "నేను వేసిన లెక్కే తప్పు. రెండూ వేడిగా ఉన్నట్టే చూశాను. ఒకటి వేడి, ఒకటి చల్లన చూడలేదు. చూస్తే రెండున్నర రెట్లు వచ్చింది. షట్‌డౌనులో వంపు పెట్టింది వాల్వు కోసం కాదు, పైపు తొయ్యకుండా ఉండడం కోసం. సీలు ఆగింది అందుకే. అందులో ఆ మెకానిక్కు చేసిందేం లేదు. మీరు కట్టినవన్నీ సరిగ్గానే ఉన్నాయి బావా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయితే పైపే తోసిందన్నమాట," అన్నాడు ఆయన.

"పైపే తోసింది."

ఒక్కసారిగా ఆయన మొహం విప్పారింది. ఐదు నెలలుగా చూడని మొహం. "విన్నావా?" అన్నాడు పెళ్లాం వైపు తిరిగి. "పైపే అని నేను అన్లా? గెంతిందని అన్లా? నిజంగానే గెంతింది! నేను చూసింది నిజమే!" కుర్చీలోంచి లేచి రెండడుగులు అటూ, రెండడుగులు ఇటూ వేశాడు. ఆ కాగితాల కట్ట తీసి బల్ల మీద ఫట్‌మని కొట్టాడు. ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతా అయిపోయింది, తిట్టినా పడతాను, ఇక అంతా సర్దుకుంటుంది అనుకుంది. ఆమె కూడా సర్దుకుంటుంది అనే అనుకుంది.

ఆయన నడుస్తున్నవాడల్లా ఆగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

మొన్న అంటే చాలు. పోయిన నెల అన్నా చాలు. ఆయన నమ్ముతాడు, ఆమె చెప్పింది ఏదైనా నమ్మే మనిషి. నిజం చెప్పడం మొదలుపెట్టిన నోటికి అబద్ధం ఆడడం ఆ క్షణంలో చేతకాలేదు.

"మంగళవారం."

"ఏ మంగళవారం?"

"విచారణకి ముందు మంగళవారం."

ఆయన లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపాడు. మంగళవారం, బుధవారం, గురువారం. "అంటే నేను అడగమన్నప్పుడు..."

"తెలుసు."

"నీ మొహం వంకే చూశాను." ఆయన గొంతు పెరగలేదు, పెరిగి ఉంటే ఆమెకి కాస్త ఊపిరాడేది. "నువ్వు కాదనలేదు. నువ్వే కాదనలేదంటే ఇక తప్పు నాలోనే ఉందని..." మాట అక్కడే వదిలేశాడు. కుర్చీలో కూర్చుని ఆ కాగితాలన్నీ అంచులు కలిపి, తేదీల వరసలో పెట్టుకున్నాడు. పెట్టడం అయ్యాక తలెత్తకుండానే భార్యతో అన్నాడు:

"మీ చెల్లెలు వెళ్తుందట. గేటు వేసుకో."

ముప్పై నాలుగేళ్లుగా ఆయన నోట ఆమె మరదలే, ఎప్పుడూ 'మీ చెల్లెలు' కాలేదు.

ఆమె లేచింది. బావా అనబోయింది గానీ ఆయన వినేలా లేడు. అక్క ఆమె వెనకాలే గేటు దాకా వచ్చింది. చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"అక్కా, నేను చెబుదామనే..."

"ఆ గురువారం తర్వాత," అంది అక్క, "ఎన్ని ఆదివారాలు తిన్నావే నా చేతి అన్నం? ఆయన ఎదురుగా కూర్చుని?"

ఆమె చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. అక్క గేటు వెయ్యకుండా, సమాధానం కోసం అక్కడే నిలబడి ఉంది.